చెరసాల ఇటుకలతో న్యాయస్థానం

కళ, న్యాయం, ప్రజాస్వామ్యం మూడూ ఒకేచోట కనిపించే ఉదాహరణ కావాలంటే, చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో తేల్చే దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానాన్ని మించినది అరుదు. జొహానెస్‌బర్గ్‌లో గాంధీ, మండేలా ఇద్దరూ వేర్వేరు కాలాల్లో ఖైదీలుగా ఉన్న పాత కోట జైలు ఆవరణలోనే 2004లో ఈ భవనం ప్రారంభమైంది. విచారణ ఖైదీల విభాగాన్ని కూల్చగా వచ్చిన ఇటుకలనే న్యాయమందిరపు గోడలకు వాడారు. ఔను, చెరసాల ఇటుకలే న్యాయస్థానపు గోడలయ్యాయి. లోపల అడ్డంగా సాగే సన్నని కిటికీలోంచి బయట నడిచే సామాన్యుల పాదాలు కనిపిస్తాయి.

అలంకరణకు కేటాయించిన కొద్దిపాటి సొమ్ముతో న్యాయమూర్తి ఆల్బీ శాక్స్ ఒక చిత్రవస్త్రాన్ని, అనగా బొమ్మలు నేసిన గోడతెరను, కొనడంతో మొదలైన కళాసేకరణ ప్రధానంగా కళాకారుల, దాతల ఔదార్యంతోనే పెరిగింది. ప్రభుత్వ ధనం కన్నా ఈ ఔదార్యమే గమనించదగినది. ఆ సేకరణలో అత్యంత ప్రసిద్ధమైనది జుడిత్ మేసన్ రూపొందించిన నీలి దుస్తు. వర్ణవివక్ష కాలపు భద్రతా పోలీసులు వివస్త్రను చేసి, చంపిన ఫిలా ఎన్‌డ్వాండ్వే అనే పోరాటయోధురాలు ప్లాస్టిక్ సంచితో మానం కాపాడుకున్నదని, గత అకృత్యాలను విచారించిన సత్య, సయోధ్యల కమిషన్ ద్వారా వెల్లడైన తరువాత, మేసన్ అటువంటి నీలి సంచులనే కుట్టి ఆమె కోసం ఆ దుస్తును తయారుచేసింది.