ఉన్నచోటి కొలత – తెచ్చి చేసిన కొలత



మీ యూరి బావినీటిని సీసాలో నింపి, దూరముననున్న ప్రయోగశాలకు పంపినారనుకొందము. కొన్ని దినములకు అంకెలతో కూడిన యొక కాగితము వచ్చును. ఆ యంకెలు బావినిగూర్చి చెప్పునవా, లేక సీసానుగూర్చి చెప్పునవా? ఇది వినోదమునకై వేసిన ప్రశ్న కాదు. ఆ కాగితమును చూచియే మీరు బావిని ఉంచవలెనో పూడ్చవలెనో నిర్ణయింతురు గదా!

ఈ భేదమును తెలుపుటకు శాస్త్రజ్ఞులు రెండు లాటిను మాటలు వాడుదురు. ఆ భాషలో ‘సిటుస్’ అనగా చోటు. ‘ఇన్ సిటు’ అనగా ఉన్నచోటనే. ‘ఎక్స్ సిటు’ అనగా ఆ చోటు విడిచి. వీనిని మనము స్వస్థాన మాపనమనియు, స్థానాంతర మాపనమనియు చెప్పుకొనవచ్చును. కొలువదలచిన వస్తువు తన నెలవునందు, తన వేడిమితోను, తనపైగల యొత్తిడితోను, తన పరిసరములతోను ఉండగానే కొలిచినచో అది స్వస్థానము. దానిని పెకలించి తెచ్చి కొలిచినచో స్థానాంతరము.

ఇచట నొక చిక్కు గలదు. ఒకరు బావిగట్టున నిలిచి, చేదతో నీరు తోడి, అక్కడనే మందుచుక్కలు వేసి రంగు చూచినారు. ఇది స్వస్థానమేయని చాలమంది తలంతురు. నేను ఒప్పుకొనను. అది గట్టుమీది కొలత. బావిలోని కొలత కాదు. తీగకు కట్టిన సాధనమును నీటిలోనికి దింపి, అది లోపలనుండగానే అంకె చదివినప్పుడే ఆ పేరు తగును. కొలుచువాడు ఎచట నిలిచెనన్నది లెక్కలోనికి రాదు. కొలువబడునది ఎచట నున్నదన్నదే ప్రధానము.

కొన్ని బోరుబావుల నీరు తోడినప్పుడు తేటగానుండి, బిందెలో నిలిచిన కొలది ఎఱ్ఱబారుట మీరు చూచియే యుందురు. గాలి సోకని భూగర్భమున ఇనుము నీటిలో కరగియుండును. పైకి వచ్చి గాలి తగిలినపిమ్మట అది తుప్పువలె మారి అడుగునకు దిగును. ఆపై పైతేటను మాత్రమే పరీక్షించినవానికి ఇనుము తక్కువగా కనబడును. అందుచేతనే నీరు పట్టునప్పుడే సీసాలో కొంచెము ఆమ్లము కలుపుదురు.

చేపలచెరువు విషయమున ఈ పొరపాటు మరింత నష్టము తెచ్చును. పగటివేళ నీటిలోని పాచి సూర్యకాంతిచే ప్రాణవాయువును పుట్టించును. రాత్రివేళ పాచియు చేపలును కలిసి దానిని ఖర్చుచేయును. కావున తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గును; చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచును. మధ్యాహ్నము నింపిన సీసాలో ఆ తెల్లవారుజామునాటి ఆపద ఎట్లు కనబడును? పైగా సీసాలోని పాచి దారిపొడుగున తన పని తాను చేయుచునే యుండును. హంగరీ దేశపు రసాయనవేత్త లాయోష్ వింక్లర్ 1888లో దీనికొక ఉపాయము చెప్పెను: నీరు పట్టినచోటనే మాంగనీసు లవణమును, క్షారముతో కలిసిన అయొడైడును చేర్చినచో, ప్రాణవాయువు గోధుమరంగు మడ్డిగా బంధింపబడును. తరువాత తీరికగా లెక్కింపవచ్చును. కొలత స్థానాంతరమే యైనను, మార్పునకు గడియ పడినది.

అట్లని సీసాను నిందింపరాదు. ఫ్లోరైడు అంత సులభముగా మారునది కాదు. 1937లో నెల్లూరు జిల్లాలో దానివలని ఎముకల వ్యాధి వెల్లడియైనది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదను ఆ హద్దును పరీక్షించుటకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాయు, మంచి ప్రయోగశాలయు చాలును.

చంద్రునివిషయమునను ఇదే భేదము. 1969లో అపోలో 11 యాత్రికులు 21 కిలోలకు పైగా రాళ్లను, మట్టిని తెచ్చినారు. వానిని భూమిమీద ఎన్నియో విధముల పరీక్షించిరి. 2023లో శ్రీహరికోటనుండి వెడలిన చంద్రయాన్-3 ఏమియు తేలేదు. అచటనే గంధకమును గుర్తించి, నేలలోనికి ఒక సూదిని దింపి లోతునుబట్టి వేడిమిని కొలిచినది. మట్టిని సంచిలో తేవచ్చును గాని దాని వేడిమిని తేజాలము గదా.

ఈసారి సీసా పంపునప్పుడు, నీరు పట్టిన గంటయు, ఎంతలోతునుండి పట్టినదియు, అప్పటి నీటివేడిమియు చీటిపై వ్రాసి అంటింపుడు. కాగితము తిరిగి వచ్చినప్పుడు, ఏ యంకె బావిలో చదివినది, ఏది బల్లమీద చదివినది అని అడుగుడు.