గ్రంథాలయమునకు స్వంత సర్వరు
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



నన్నెచోడుని కుమారసంభవము శతాబ్దుల తరబడి ఆంధ్రులకు ఉండియు లేని గ్రంథము. 1909లో మానవల్లి రామకృష్ణకవి గారు దానిని వెలికితీసి అచ్చొత్తించునంతవరకు ఆ కవిని తలచినవారే అరుదు. ఎవడో పేరెరుగని లేఖకుడు గంటము పట్టి ఒక ప్రతి వ్రాసిపెట్టుటచేత ఆ కావ్యము దక్కినది. బ్రౌను దొర కడపలో తన బంగళాయందు పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించి, పాఠములు సరిచూపించినదియు ఇందుకొరకే. గంటము పోయి అచ్చు వచ్చినది, అచ్చు సరసన కంప్యూటరు కూర్చున్నది. ప్రతి వ్రాసి దాచు పని మాత్రము ఎవరికిని తప్పలేదు.

“అన్నియు ఇంటర్నెట్టులో ఉన్నవి గదా, ఇక దాచుట యేల?” అని పడుచువారు అడుగుచుందురు. అడుగవలసిన ప్రశ్నయే. చిత్తూరు సీమలో జన్మించిన రాజ్ రెడ్డి గారి పూనికతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడెను. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మొదలగు సంస్థలు లక్షలకొలది పుస్తకములను పుట పుటయు ఛాయాచిత్రములుగా తీసినవి. అంగళ్ళలో దొరకని తెలుగు గ్రంథములెన్నియో అందుండెను. 2017 ప్రాంతమున, గ్రంథస్వామ్యపు చిక్కులచేత, ఆ తలుపు మూతపడినది. మూతపడకముందే కొందరు ఔత్సాహికులు ఆ పుస్తకములను దింపుకొని, 1996లో అమెరికాలో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవునకు చేర్చిరి గనుక అవి నేటికిని చదువ దొరకుచున్నవి. లేనిచో కుమారసంభవమువలె మరియొక రామకృష్ణకవి కొరకు ఎదురుచూడవలసి వచ్చెడిది.

పరుల ఇంటిలోని గ్రంథముల మాట అటుండ, ఈ గ్రంథాలయపు స్వంత ఆస్తి యెచట నున్నది? వార్షికోత్సవముల ఛాయాచిత్రములు ఆయా సంవత్సరముల కార్యదర్శుల ఫోనులలో నుండును. వృద్ధులు చెప్పిన ఊరి కథలు, ధాన్యపు పడవల కాలపు ముచ్చట్లు, పెద్దింట్లమ్మ జాతర పాటలు ఎవరి ఫోనులోనో రికార్డయి యుండును. ఫోను చేపల చెరువులో పడినచో, పడనక్కరలేదు, కొత్త ఫోను కొని పాతది మారకమునకు ఇచ్చినచో, ఆ ముసలమ్మ గొంతు మరల వినరాదు. ఇరువదియైదేండ్ల పుస్తకముల బీరువాకు తాళము వేసి, ఊరి జ్ఞాపకమును మాత్రము వీధి అరుగుపై వదలినట్లున్నది.

ఇందుకే గ్రంథాలయమున ఒక సర్వరు ఉండవలెను. సర్వరనగా గొప్ప యంత్రము కాదు. అడిగినవారికి పుస్తకము తీసియిచ్చు గుమాస్తా వంటి కంప్యూటరు. ఒక రూటరునకు దానిని తగిలించినచో, హాలులోను అరుగుమీదను కూర్చున్నవారి ఫోనులకు పుస్తకము, చిత్రము, పాట అందించును. బయటి ఇంటర్నెట్టు తెగిపోయినను లోపలి పని ఆగదు. 2007లో మొదలైన కివిక్స్ అను ఉచిత సాధనముతో తెలుగు వికీపీడియాను మొత్తముగా దింపి ఇందులో పెట్టుకొనవచ్చును. 1935లో పాతూరి నాగభూషణము గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువపై పుస్తకముల పడవ నడిపించిరి (ఈ కొల్లూరు కొల్లేరు కాదు, కృష్ణకు పడమటి సీమలోనిది). దారిలేని ఊళ్ళకు పుస్తకమే వెళ్ళినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడను ముంచి కొల్లేటికి దిగినపుడు లంక గ్రామముల దారులు మునిగినవి. అట్టి దినములలో ఊరిలోనే ఉన్న గుమాస్తా విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఖర్చు మాట చూతము. కచేరీలలో పాతబడి తీసివేసిన కంప్యూటరు చాలును. అది 60 వాట్లు తినునదైనచో, రాత్రింబవళ్ళు 30 దినములు నడచుటకు 43 యూనిట్లు దాటును. 2012లో బ్రిటనులో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై వంటి అరచేతి యంత్రము డిస్కుతో కూడ 10 వాట్లలో నడచినచో 7 యూనిట్లకు కొంచెము పైన. యంత్రము ధరను చూచి మురిసి కరెంటు బిల్లును మరచుట లెక్క తెలిసినవారి పద్ధతి కాదు. నడిపించు లినక్సు 1991 నుండియు, దాని రూపమగు డెబియన్ 1993 నుండియు ఉచితముగనే లభించుచున్నవి. ఒక టెరాబైటు డిస్కున, పుస్తకమునకు 25 మెగాబైట్లు లెక్కించినచో, 40,000 పుస్తకములు పట్టును. ఈ జిల్లాలో అన్ని పుస్తకములు చదివినవాడు ఉన్నచో సభకు పిలిచి సత్కరింపవలెను. గ్రంథకర్త మరణించిన మరుసటి సంవత్సరారంభము నుండి 60 ఏండ్లు గడవని పుస్తకములను అనుమతి లేక పెట్టరాదు.

యంత్రము తెచ్చుట సులభము, కాపాడుట కష్టము. కొల్లేటి గాలిలో తేమ మెండు. చీమలకు వెచ్చని పెట్టె ప్రీతి. కరెంటు పోయి వచ్చి పోవు వేళ, వ్రాయుచున్న డిస్కు నడుమ ఆగి చెడుటయు కలదు. అరచేతి యంత్రములలోని మెమరీ కార్డు మరింత త్వరగా చెడును. కావున యూపీఎస్ తప్పనిసరి. యంత్రమును నేలమీద గాక, ఊరిలో వరదనీరు తాకిన గుర్తుకంటె ఎత్తున గోడకు బిగింపవలెను.

జోడు డిస్కులు పెట్టి రెంటను ఒకటే వ్రాయించుట కొందరి పద్ధతి. మంచిదే, ఒకటి చెడిన రెండవది నడచును. అయితే పొరపాటున ఒకదానిలో చెరిపిన పుస్తకము అదే క్షణమున రెండవదానిలోను చెరగును. దానిని ప్రతి యనరాదు. ప్రతి వేరు, ప్రతిబింబము వేరు. తెలిసినవారి నియమము ఇట్లున్నది: ప్రతులు మూడు, రెండు తీరుల సాధనములపై, ఒకటి మరియొక ఊరిలో.

ప్రతి చెడినదో లేదో తెలియుటెట్లు? లేఖకుని తప్పును పండితుడు ఛందస్సు చూచి పట్టును. డిస్కు తప్పునకు అట్టి గణములు లేవు. దానికి అంకె కలదు. పుస్తకములోని సమస్తమును ఒక విధముగ కూడి కంప్యూటరు ఒక పొడవైన అంకె తీయును. ఒక్క అక్షరము మారినను అంకె వేరగును. చిట్టాలో పుట మొత్తము వ్రాసి ముందు పుటకు తెచ్చుకొనునట్లు, ఆ అంకెలను వేరుగ వ్రాసియుంచి నెలకొకసారి సరిచూడవలెను. ఈ పని చేయని సర్వరు జమాబందికి రాని గ్రామ లెక్కలవంటిది.

“హైదరాబాదులోను అమెరికాలోను ఉన్న ఊరివారును చూడరాదా?” అందురు. చూడవచ్చును గాని తొందర వలదు. పాత పద్ధతి చిరునామాలు లోకమంతటికి 429 కోట్లే యుండుటచేత, పెక్కు ఇంటర్నెట్టు కంపెనీలు ఎందరో ఖాతాదారులను ఒకే చిరునామా వెనుక ఉంచుచున్నవి. బయటినుండి వచ్చిన ఉత్తరము ఏ ఇంటికో తెలియదు. ఉపాయములున్నవి, అయితే తలుపు తీసిననాటినుండి దొంగలును తట్టెదరు. ముందుగా ఊరివారికి పనికివచ్చిన పిమ్మట ఆ తలుపు సంగతి.

సంకేతపదము ఒక్కని మనసులో నుండుట అన్నిటికంటె ప్రమాదము. సర్వరు పెట్టిన యువకుడు ఉద్యోగమునకై ఊరు విడిచిన నాడు యంత్రముండియు లేనిదగును. దానిని కాగితముపై వ్రాసి, కవరులో ముద్రవేసి, బీరువాలో ఉంచి, తాళము ఇద్దరికి ఇయ్యవలెను.

మూడవ ప్రతి యెచట? ఏలూరు దగ్గరే గాని అచట తమ్మిలేరున్నది. తాడేపల్లిగూడెము మెట్ట అంచున నున్నది, రైలు వసతి కలదు, ఊరివారి బంధువుల యిండ్లు కలవు. మూడు నెలలకొకసారి ఒకరు క్రొత్త డిస్కు తీసికొనిపోయి అచట నుంచి, పాత డిస్కును తేవలెను. తెచ్చినదానిని బీరువాలో పెట్టుటకు ముందు వేరొక కంప్యూటరునకు తగిలించి, ఒక పుస్తకమును, ఒక పాటను తెరచి చూడవలెను. తెరచిన తేదీయు, చూచినవారి సంతకమును స్టాకు రిజిస్టరులో పడవలెను.