మోటారు సైకిలు పాదసాధనములు: వాని బిగింపు
(రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఎడ్లబండి కట్టు రైతు బయలుదేరుటకు ముందు ఇరుసు చివరనున్న చీలను ఒకసారి తడవి చూచుకొనెడివాడు. చీల ఊడిన చక్రము ఊడునని అతడెరుగును. నేడు పాల క్యాన్లను, ఎరువు బస్తాలను, బడికి పోవు బిడ్డలను మోయుచున్నది మోటారు సైకిలు. దానికి అట్టి చీలలు పెక్కు గలవు. కాలిక్రింద నుండునవి మూడు: పాదము మోపు ఫుట్‌రెస్టు, గేరు రాడ్డు, బ్రేకు పెడలు. ఇవి విరిగినపుడో, ఎత్తు కుదరనపుడో బజారులో దొరకు వేరు సరకును కొని బిగించుకొనుట పరిపాటియైనది. కొనుటలో దోషము లేదు. వదులు బిగింపులోనే ప్రాణభయము గలదు.

మొదట సరకు ఆ బండికే తగినదగునా యని చూడవలెను. మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డు బుల్లెట్టుకు చిరకాలము గేరు కుడికాలికిని, బ్రేకు ఎడమకాలికిని ఉండెను. నేటి బండ్లకు గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి. పేరొకటే యైనను పాత బండి సరకు క్రొత్త బండికి కుదరదు.

గేరు షాఫ్టు చుట్టును సన్నని పళ్లుండును. రాడ్డు కన్నములోని పళ్లు వానిలో పూర్తిగా కూర్చుండవలెను. పెక్కు బండ్లలో షాఫ్టుపై ఒక గాడి యుండును. బిగించు బోల్టు ఆ గాడిగుండ పోయిననే రాడ్డు ప్రక్కకు జారదు. బోల్టు దూరనిచో సుత్తితో కొట్టరాదు. రాడ్డును సరిగా జరిపి మరల చూడవలెను. షాఫ్టు పళ్లు అరిగిన పిదప ఎంత బిగించినను రాడ్డు నిలువదు. షాఫ్టు మార్చుటకు ఇంజనే విప్పవలసి వచ్చును.

బోల్టు ఉక్కు, అది ఎక్కుచోటు తరచుగా మెత్తని అల్యూమినియము. కావున మొదటి చుట్లు వ్రేళ్లతోనే త్రిప్పవలెను. వ్రేళ్లకు లొంగని బోల్టు అడ్డముగ ఎక్కుచున్నదని గ్రహింపవలెను. పానాకు పైపు తగిలించి బలముకొలది బిగించిన థ్రెడ్డు తెగును. చాలీచాలక బిగించిన ఇంజను అదురుకు వదులగును. కంపెనీ పుస్తకములో చెప్పిన కొలతకు టార్కు పానాతో బిగించుట మేలు. బోల్టును పట్టియుంచు జిగురు గాలి తగులని మరల నడుమ గట్టిపడును. నూనె జిడ్డు తుడువక వేసిన అది పట్టదు. స్ప్లిట్ పిన్నుండవలసిన చోట క్రొత్త పిన్నునే వేయవలెను, తీగముక్క చాలదు.

బ్రేకు పెడలునకు కొంత వదులుండవలెను. డ్రమ్ము బ్రేకుగల చిన్న బండ్లలో అది సాధారణముగ 20 నుండి 30 మిల్లీమీటర్లు. వదులు లేనిచో బ్రేకు పట్టియే యుండి వేడెక్కును. మితిమీరిన వదులున్నచో పెడలు అడుగంటినను బండి ఆగదు. కాలు తీసినంతనే పెడలు తానుగా పైకి రావలెను; సైలెన్సరునకు గాని గార్డునకు గాని తగులరాదు. నొక్కినపుడు వెనుక దీపము వెలుగవలెను.

ఫుట్‌రెస్టు పైకి ముడుచుకొనునదై యుండవలెను. మలుపులో బండి వాలినపుడు, వెల్డింగు చేసిన కడ్డీ నేలకు తగిలి చక్రమునే పైకి లేపివేయగలదు. వెనుక కూర్చుండువారి ఫుట్‌రెస్టులను తీసివేయరాదు. చేతిపట్టును, ఫుట్‌రెస్టులను, వస్త్రము చక్రములో పడకుండ కప్పును ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు విధించుచున్నవి.

పని ముగిసిన పిదప బండిని సెంటరు స్టాండుపై నిలిపి, వెనుక చక్రమును చేత త్రిప్పుచు పెడలు నొక్కి చూడవలెను. పిదప జనసంచారము లేని బాటలో మెల్లగా నడిపి, గేర్లన్నియు మార్చి చూడవలెను. బోల్టు తలనుండి ప్రక్క లోహముపైకి రంగుతో ఒక గీత గీచినచో, బోల్టు కదలినపుడు గీత విరిగి కంటికి తెలియును. నూరు కిలోమీటర్లు నడచిన తరువాత అన్నిటిని మరల పరీక్షింపవలెను.

ఈ కొలతలు బండికొక తీరుగ నుండును. అవి బండితో వచ్చు చిన్న పుస్తకములో గలవు; ఆ పుస్తకమో పెక్కు యిండ్లలో అటక చేరినది. గ్రామములో నడచు ప్రతి రకపు బండి పుస్తకమును ఒక్కొక్క ప్రతి ఈ గ్రంథాలయపు బీరువాలో చేర్చినచో, పానా పట్టువాడు ముందు పుట తిప్పి, పిదప బోల్టు త్రిప్పును. రజతోత్సవ వేళ చందాదారులు చేయదగిన ఉపకారములలో ఇదియు నొకటి.