వెళ్లేటప్పుడు ఎనిమిది, వచ్చేటప్పుడు ఏడు

లండన్ నుంచి న్యూయార్క్‌కు విమానంలో సుమారు 5,500 కిలోమీటర్లు. వెళ్లడానికి దాదాపు 8 గంటలు పడుతుంది. తిరిగి రావడానికి 7 గంటలు చాలు. అదే సముద్రం, అంతే దూరం. మరి ఆ గంట తేడా ఎందుకు?

గాలి వల్ల. అట్లాంటిక్ మీద, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. లండన్ వచ్చే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది. న్యూయార్క్ వెళ్లేదానికి ఎదురొస్తుంది. చలికాలంలో దాని జోరు మరీ ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో, తుఫాను వేళ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి 5 గంటల లోపే లండన్ చేరింది. ఎంత గాలో చూడండి! అందుకే అక్కడి విమానాల దారుల్ని రోజూ ఈ గాలిని చూసే నిర్ణయిస్తారు.

ఇంకో మాట. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. న్యూయార్క్ గడియారం సాధారణంగా లండన్ కంటే 5 గంటలు వెనక. మధ్యాహ్నం 12కు లండన్‌లో ఎక్కితే, అక్కడ దిగేసరికి 3 గంటలే. ప్రయాణం మాత్రం 8 గంటలు. అమెరికాలో పిల్లలున్న అమ్మానాన్నలూ, మీ టికెట్లో మొత్తం ప్రయాణ సమయం ఎంతో విడిగా చూసుకోండి. వేళకు వేసుకోవాల్సిన మందులు ఆ లెక్కతోనే చేతిసంచిలో పెట్టుకోండి.