పగ్గాలు పట్టినవాడు, విడిచినవాడు: జయంతనాథ చౌధురి

(రాయపూర్‌లో తెలుగు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ జరుగుతున్న రాయపూర్ నగరానికి భారతదేశ సమైక్యతా చరిత్రలో ఒక స్థానమున్నది. ఒకప్పుడు ఛత్తీస్‌గఢ్‌లోని సంస్థానాధీశుల కుమారులు ఇక్కడి రాజకుమార్ కళాశాలలోనే విద్యనభ్యసించేవారు. బస్తర్, కాంకేర్, రాయగఢ్, సర్గుజా మొదలైన 14 సంస్థానాల పాలకులు 1947 డిసెంబరులో నాగపూర్‌లో సర్దార్ పటేల్ సమక్షంలో విలీనపత్రాలకు అంగీకరించారు. 1948 జనవరి 1 నుండి ఆ సంస్థానాలు మధ్య పరగణాలలో కలిసిపోయాయి. అక్కడ ఒక్క తుపాకీ కూడా పేలలేదు. సంతకాలతోనే పని పూర్తయింది.

కాని బస్తర్ అడవులకు ఆవలనున్న హైదరాబాదు సంస్థానం కథ వేరు. బస్తర్‌లోని ఇనుప గనులపై హైదరాబాదు ప్రభుత్వానికి ఆసక్తి ఉన్నదన్న విషయం ఢిల్లీని కలవరపెట్టిన సంగతి చరిత్ర విద్యార్థులకు తెలుసు. ఏడాదికి పైగా సాగిన సంప్రదింపులు ఫలించలేదు. రజాకార్ల దౌర్జన్యాలు పెచ్చుమీరాయి. చివరకు 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. షోలాపూర్ వైపు నుండి వచ్చిన ప్రధాన దళానికి నాయకత్వం వహించిన అధికారి మేజర్ జనరల్ జయంతనాథ చౌధురి. అప్పటికి ఆయన వయస్సు నలభై సంవత్సరాలు.

పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు సాధారణంగా ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. హైదరాబాదు సైన్యాధిపతి లొంగుబాటును స్వీకరించిన అధికారి అని మాత్రమే మనం చదువుకుంటాము. యుద్ధం ఐదు రోజులలో ముగిసింది. ఆ తరువాత పదిహేను నెలల కాలం ఆయన ఒక కోటీ అరవై లక్షల మందికి పైగా ప్రజలున్న రాజ్యాన్ని పరిపాలించవలసి వచ్చింది. మరుగున పడిన అధ్యాయం అదే. ఈనాటి ప్రసంగానికి విషయమూ అదే.

చౌధురి 1908 జూన్ 10న కలకత్తాలో ఒక విద్యావంతుల కుటుంబంలో జన్మించారు. భారత జాతీయ కాంగ్రెసు ప్రథమ అధ్యక్షుడు ఉమేశ్‌చంద్ర బెనర్జీ ఆయనకు మాతామహుడు. న్యాయవాదులు, సాహితీపరులు నిండిన ఆ ఇంటి నుండి ఈ యువకుడు ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలకు వెళ్ళాడు. 1928లో అధికారి హోదా పొంది, అనంతరం 7వ లైట్ కావల్రీ అనే అశ్వదళంలో చేరాడు. ఆనాడు భారతీయ అధికారులను అన్ని పటాలాలలోకి తీసుకునేవారు కారు. వారి కోసం ఎనిమిది దళాలను మాత్రమే కేటాయించారు. వాటిలో అశ్వదళాలు రెండే: ఒకటి 7వ లైట్ కావల్రీ, రెండవది 16వ లైట్ కావల్రీ. ఈ రెండూ పూర్వపు మద్రాసు అశ్వదళ సంప్రదాయానికి చెందినవి కావడం దక్షిణాది వారికి ఆసక్తి కలిగించే విషయం.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గుర్రాల స్థానంలో కవచ శకటాలు వచ్చాయి. చౌధురి సూడాన్, ఎరిత్రియా రంగాలలో పనిచేశారు. తరువాత 16వ లైట్ కావల్రీకి అధిపతిగా ఆ దళాన్ని క్వెట్టా నుండి ఇంఫాల్ వరకు వేల మైళ్ళు రోడ్డు మార్గాన నడిపించి బర్మా రణరంగానికి చేర్చారు. స్వాతంత్ర్యానంతరం సైనిక ప్రధాన కార్యాలయంలో ఉన్నత బాధ్యతలు నిర్వహించి, 1948లో మొదటి కవచ దళ విభాగానికి అధిపతి అయ్యారు.

1948 సెప్టెంబరు 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు హైదరాబాదు సైన్యాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ నగరం వెలుపల చౌధురికి లొంగిపోయాడు. ఎద్రూస్ కూడా అశ్వదళం నుండి పైకి వచ్చినవాడే. ఆ రోజుతో సైనికుని పని ముగిసి పరిపాలకుని పని మొదలయింది. చౌధురి సైనిక గవర్నరుగా నియమితులయ్యారు. సివిల్ సర్వీసుకు చెందిన డి. ఎస్. బఖ్లే ప్రధాన పౌర పరిపాలనాధికారిగా ఆయనకు తోడ్పడ్డారు.

ఆ సంస్థానంలో 16 జిల్లాలు ఉండేవి. ఎనిమిదింట తెలుగు, ఐదింట మరాఠీ, మూడింట కన్నడం ప్రజల భాషలు. పరిపాలన మాత్రం ఉర్దూలో సాగేది. భూమిలో మూడవ వంతుకు దగ్గరగా జాగీర్దార్ల చేతిలో ఉండేది. అక్కడ పన్ను వసూలు చేసేదీ, తీర్పు చెప్పేదీ జాగీర్దారే. ఇంకొక భాగం నిజాం స్వంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్. అనగా, రైతు తన పాలకుడెవరో తెలుసుకోవాలంటే తన పొలం ఎవరి పద్దులో ఉన్నదో ముందుగా తెలుసుకోవాలి.

1949లో సర్ఫెఖాస్ భూములు ప్రభుత్వ భూములలో విలీనమయ్యాయి. అదే సంవత్సరం ఆగస్టు 15న జాగీర్దారీ రద్దు శాసనం వెలువడింది. శతాబ్దాల నాటి ఈ వ్యవస్థను తొలగించే శాసనం శాసనసభ ద్వారా గాక సైనిక గవర్నరు పాలనలో రావడం చరిత్రలోని ఒక వైచిత్రి. కౌలుదార్లకు రక్షణ కల్పించిన 1950 నాటి చట్టానికి కూడా ఈ కాలంలోనే పునాది పడింది.

అయితే ఒక వ్యక్తి జీవితాన్ని స్మరించుకోవడమంటే అతని కాలంలోని చీకటిని దాచిపెట్టడం కాదు. సైనిక చర్య అనంతరం మరాఠీ, కన్నడ జిల్లాలలో ముఖ్యంగా ముస్లిం ప్రజలపై ఘోరమైన హింస జరిగింది. భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్య 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. 2013లో మాత్రమే పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. తెలంగాణ పల్లెలలో కమ్యూనిస్టుల నాయకత్వాన సాగిన రైతాంగ పోరాటంపై సైన్యం కఠిన చర్యలు తీసుకున్నది. ఆ పోరాటం 1951 అక్టోబరు వరకు ఆగలేదు. ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన అధికారులు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలలో చేరడం వలన స్థానికులలో అసంతృప్తి పెరిగి, 1952లో ముల్కీ ఉద్యమంగా బయటపడింది. భూభాగాన్ని కలపడానికి ఐదు రోజులు చాలవచ్చు. మనస్సులను కలపడానికి కొన్ని తరాలు పడుతుంది.

ఈ లోపాలన్నింటినీ లెక్కలో వేసిన తరువాత కూడా, చౌధురి పాలనలో ఒక ముఖ్యాంశం మిగిలి ఉన్నది. అది ఆయన అధికారాన్ని విడిచిపెట్టిన తీరు. సైనిక ప్రభుత్వం తాత్కాలికమని మొదటి నుండి నిర్ణయమై ఉండెను. 1949 చివరతో ఆ ప్రభుత్వం ముగిసింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చిననాడు నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. సివిల్ సర్వీసుకు చెందిన వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. 1952 ఎన్నికల అనంతరం బూర్గుల రామకృష్ణారావు ప్రజలెన్నుకున్న ముఖ్యమంత్రిగా పదవి స్వీకరించారు. సేనాని చేతిలోని పగ్గాలు నాలుగేళ్ళు తిరగకముందే ప్రజాప్రతినిధుల చేతికి వచ్చాయి.

ఇది సహజంగా జరగవలసినదే కదా అని విద్యార్థులు అనుకోవచ్చు. ప్రపంచ చరిత్ర అలా చెప్పదు. శాండ్‌హర్స్ట్‌లో చౌధురికి సమకాలికుడైన ఒక యువకుడు కూడా 1928లోనే సైనికాధికారి అయ్యాడు. ఆయన పేరు అయూబ్ ఖాన్. పాకిస్తాన్ సేనాధిపతిగా ఉండి, 1958లో దేశాధికారాన్నే చేజిక్కించుకున్నాడు. 1965 యుద్ధంలో ఆయన పాకిస్తాన్ అధ్యక్షుడు. చౌధురి భారత సేనాధిపతి. ఒకే బడిలో చదివినవారు, ఒకే శిక్షణ పొందినవారు. వారి దారులు వేరు కావడానికి వ్యక్తుల స్వభావం కంటె వారిని నిలిపిన వ్యవస్థలే ముఖ్య కారణమని చెప్పాలి. ఇక్కడ సేనాధిపతికి పైన మంత్రిమండలి, మంత్రిమండలికి పైన పార్లమెంటు, పార్లమెంటుకు పైన ప్రజల ఓటు నిలిచాయి. చౌధురి ఆ వరుసను గౌరవించారు.

1961లో గోవా విమోచన జరిగినప్పుడు ఆయన దక్షిణ సైనిక విభాగాధిపతి. 1962 నవంబరులో, చైనా యుద్ధంలో దేశం గాయపడి ఉన్న సమయంలో, సేనాధిపతి బాధ్యతను స్వీకరించారు. దెబ్బతిన్న సైన్యాన్ని తిరిగి నిలబెట్టే పని ఆయనపై పడింది. 1966లో పదవీ విరమణ చేసిన తరువాత కెనడాలో భారత హైకమిషనరుగా 1969 వరకు పనిచేశారు. ఆయనకు పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. 1983లో పరమపదించారు.

విద్యార్థులారా! గుర్రమెక్కినవాడు కళ్లెం బిగించడం త్వరగానే నేర్చుకుంటాడు. ఎప్పుడు దిగవలెనో తెలుసుకోవడం కష్టం. రాయపూర్‌లోని ఈ సభలో తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే యువకులు ఒకే వరుసలో కూర్చుని ఉన్నారు. ఈ దృశ్యం కొన్ని సంతకాల వలన, కొన్ని ఆయుధాల వలన మాత్రమే ఏర్పడినది కాదు. అధికారం చేపట్టినవారు దానిని సకాలంలో ప్రజలకు అప్పగించడం వలన ఇది నిలిచింది. హైదరాబాదు చరిత్రను చదివేటప్పుడు ఆ ఐదు రోజులతో ఆగిపోక, తరువాతి పదిహేను నెలలను కూడా చదవండి. అక్కడి మేలునూ చదవండి, అక్కడి కన్నీటినీ చదవండి. రెండూ చదివినవాడే రేపటి పౌరుడు కాగలడు.