నల్లమల చన్నీళ్లలో మునక

స్కూబా డైవింగ్ అంటే గాలి నింపిన సిలిండరును వీపున కట్టుకొని, ఒడ్డు నుంచి వచ్చే గొట్టం మీద ఆధారపడకుండా నీటి అడుగున సంచరించే విద్య. 1943లో ఫ్రెంచి నావికాదళ అధికారి జాక్ ఈవ్ కుస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి రూపొందించిన రెగ్యులేటర్ ఈ విద్యను సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. డైవర్ ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే తెరుచుకొని, ఆ లోతులోని నీటి ఒత్తిడికి సరిసమానంగా గాలిని అందించే కవాటమే రెగ్యులేటర్. తెలుగువారికి స్కూబా అనగానే అండమాన్, లక్షద్వీపాల వెచ్చని నీళ్లూ పగడపు దిబ్బలూ తలపుకు వస్తాయి. అయితే చలిదేశాల్లో ఈ విద్య బతుకుతున్నది చాలావరకు ఇంటి పక్క చెరువుల్లో, నీరు నిండిన రాతి క్వారీల్లో. ఇంగ్లండులోని స్టోనీ కోవ్ ఒకప్పటి గ్రానైటు క్వారీ. వణికించే చలికాలంలో కూడా అక్కడ వారాంతాల్లో జనం మునుగుతుంటారు. రంగులు లేని, మసకగా ఉండే, ఒళ్లు జివ్వుమనిపించే ఆ నీళ్లు మనిషిని ఎందుకు మళ్లీ మళ్లీ పిలుస్తాయన్న ప్రశ్నకు నల్లమల అడవుల్లోని అమ్రాబాద్ గడ్డ మీద నిలబడి జవాబు వెతకవచ్చు. ఎందుకంటే ఇక్కడ స్కూబా కొత్తదే గాని, మునక కొత్తది కాదు.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఒక తరం పిల్లలు ఈత నేర్చింది మోటబావుల్లో. నడుముకు ఎండిన సొరబుర్రో బెండుకట్టో కట్టుకొని గట్టు మీద నుంచి దూకిన పిల్లవాడికి, ఎండాకాలం మధ్యాహ్నం, ఒక విచిత్రం ఒంటికే తెలిసేది: ఛాతీ దగ్గర నీళ్లు గోరువెచ్చగా ఉంటే, కిందికి చాచిన కాళ్లకు మాత్రం మంచులా తగిలేవి. ఎండకు వేడెక్కిన నీరు తేలికై పైన నిలుస్తుంది, చల్లని నీరు బరువుగా అడుగున ఉండిపోతుంది, ఆ రెండింటి నడుమ వేడి ఒక్కసారిగా పడిపోయే సన్నని పొర ఏర్పడుతుంది; ఈ పొరనే శాస్త్రజ్ఞులు థర్మోక్లైన్ అంటారు. డైవర్లు దీన్ని దాటేటప్పుడు తలుపు తీసి మరో గదిలోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. జారిపోయిన బిందెను పాతాళగరిగె అందుకోలేనప్పుడు గుక్కపట్టి మునిగి తీసుకొచ్చే గజ ఈతగాళ్లకు ఆ పొర పేరు తెలియకపోవచ్చు. దాని చోటు, దాని చలి మాత్రం ఏ పుస్తకం కంటే వారికే బాగా తెలుసు.

బావి కంటే లోతైన అనుభవం నల్లమలలోని లొద్దులది. కొండల నడుమ కోసుకుపోయిన లోయను ఇక్కడ లొద్ది అంటారు. చైత్ర పౌర్ణమి నాటి సలేశ్వరం జాతరకు "వస్తున్నాం లింగమయ్యా" అంటూ రాళ్ల దారిన కాలినడకన దిగే భక్తులు, ఈ అడవుల గిరిజనులైన చెంచులు పూజారులుగా ఉండే లింగమయ్య గుహను చేరేముందు, కొండ అంచు నుంచి ధార పడే గుండంలో మునుగుతారు. మండు వేసవిలోనూ ఆ నీరు చల్లగానే ఉంటుంది. బండల పొరల్లో ఊరి వచ్చే నీటికి, నిలువు గోడల నడుమ రోజులో కొద్దిసేపు తప్ప ఎండ తగలని గుండానికి ఆ చల్లదనం సహజం. తల మునిగిన క్షణాన ఊపిరి ఎగపోసుకోవడం భక్తి పారవశ్యం మాత్రమే కాదు, దేహధర్మం కూడా: చర్మానికి చలి హఠాత్తుగా తగిలితే మనిషి తన ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగబీలుస్తాడు, గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి బిగబట్టి ముఖాన్ని చన్నీటిలో ఉంచినప్పుడు మాత్రం దీనికి విరుద్ధమైన మరో ప్రతిచర్య మొదలై, గుండె నెమ్మదిస్తుంది, చేతులకూ కాళ్లకూ వెళ్లే రక్తం తగ్గి మెదడుకూ గుండెకూ మళ్లుతుంది. ఈ రెంటి పెనుగులాట సద్దుమణిగి ఊపిరి నిలకడైన తరువాత కలిగే ప్రశాంతత కోసమే చన్నీటి డైవర్లు చలిని ఓర్చుకుంటారు. సలేశ్వరం గుండంలోకి సిలిండర్లు దించాలని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. అది దేవుని చోటు, పైగా రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడిబొడ్డు, ఏడాదిలో కొన్ని రోజులే మనుషులకు దారి ఇచ్చే అడవి. అది అలాగే ఉండాలి.

నీటిలో చల్లదనం అన్నది గాలిలో చల్లదనం వంటిది కాదు. నీరు గాలి కంటే దాదాపు ఇరవై అయిదు రెట్లు వేగంగా వేడిని లాక్కుంటుంది కనుక, గాలిలో హాయిగా తోచే 25 డిగ్రీల వేడి నీటిలో గంటసేపు ఉంటే 37 డిగ్రీల ఒంటిని వణికిస్తుంది. అందుకే డైవర్లు నియోప్రీన్ అనే, సన్నని గాలి బుడగలు పొదిగిన రబ్బరు దుస్తులు వేసుకుంటారు. చలిని ఆపేది ఆ బుడగలే; ఒంటికీ దుస్తులకూ నడుమ చేరిన పలుచని నీటి పొర ఒంటి వేడితోనే వెచ్చబడుతుంది. ఇంకా చల్లని నీళ్లకు లోపలికి చుక్క రానివ్వని డ్రైసూట్ కావాలి.

లోతుకు వెళ్లే కొద్దీ చలితో పాటు ఒత్తిడి పెరుగుతుంది. హాజీపూర్ దాటి మన్ననూరు వైపు ఘాట్ ఎక్కే బస్సులో చెవులు దిబ్బళ్లు పడటం ఇక్కడివారికి అలవాటే. అయితే మూడు వందల మీటర్ల గాలి ఎత్తు తెచ్చే ఒత్తిడి తేడా నీటిలో ఒక మూర లోతుకే వచ్చేస్తుంది. పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో ఎక్కువగా కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే, గోళీసోడాలో గోళీని నొక్కినప్పుడు బుడగలు పొంగినట్టు అది ఒంట్లో బుడగలు కట్టి, కీళ్ల నొప్పి మొదలుకొని పక్షవాతం దాకా తెస్తుంది. 1908లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు హాల్డేన్ అంచెలంచెలుగా ఆగుతూ పైకి రావలసిన పట్టికలను ప్రకటించిన తరువాతే ఈ ప్రమాదం అదుపులోకి వచ్చింది. నల్లమలకు ఇందులో ప్రత్యేకమైన హెచ్చరిక ఒకటుంది. కృష్ణా నది మీది శ్రీశైలం జలాశయం నిండినప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. అక్కడ మునిగినవారు ఒడ్డెక్కగానే బండి ఎక్కి రెండు వేల అడుగులకు పైబడిన అమ్రాబాద్ పీఠభూమి మీదికి వస్తే, గాలి ఒత్తిడి ఇంకా తగ్గి, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టే అవకాశం పెరుగుతుంది. కృష్ణలో మునిగే రోజున రాత్రి నది ఒడ్డునే బస చేయడం ఇక్కడి డైవర్‌కు నియమం కావాలి.

ఇక చన్నీటి మునకకు ఈ నేలలో ఉన్న అసలైన ఆకర్షణ కృష్ణ అడుగున ఉంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు వందకు పైగా ఊళ్లు నీళ్ల కిందికి వెళ్లాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపూర్‌లో తిరిగి నిలిపారు. జటప్రోలు, సోమశిల గుళ్లను మెరక మీదికి తరలించారు. అంతకు ముందే నాగార్జునసాగర్ నిండకముందు, 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన తవ్వకాలు సాగి, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వీధులు, విహారాలు, స్నానఘట్టాలు బయటపడ్డాయి; నల్లగొండ ఒడ్డున ఏలేశ్వరంలో అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వకాలు జరిపారు. గుళ్లూ శిల్పాలూ చాలావరకు తరలాయి. తరలనివి మిగిలినవన్నీ: రచ్చబండ గద్దె, బావి ఒర, ఇంటి ముంగిట అరుగు, పొలం గట్టు. నీటి అడుగున ఉన్నది రాజుల చరిత్ర కంటే ఎక్కువగా మామూలు జనం బతుకు. పగడపు దిబ్బలో డైవర్ అతిథి. తాత ముత్తాతల ఊరి మీద తేలే డైవర్ వారసుడు. దూరదేశపు నీళ్లలో ఒక్కసారి చూసి రావడం ఉంటుంది, ఇంటి పక్క నీళ్లలో ఏడాదంతా చూస్తూ నేర్చుకోవడం ఉంటుంది. ఆ రెండో చూపు విలువ ఎక్కువ.

ఆ చూపు సులభంగా దొరకదు. వానాకాలంలో వరద తెచ్చే ఎర్రమట్టి నీటిని చిక్కబరుస్తుంది; ఒండ్రు పేరుకోవడం వల్ల జలాశయం నిల్వ మొదట్లో ఉన్న దాదాపు 308 టీఎంసీల నుంచి 215 టీఎంసీలకు తగ్గింది. వరద తగ్గి నీరు తేరుకున్నాకే మునక గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా కాలి రెక్క ఒక్కసారి అడుగుకు తగిలితే ఒండ్రు లేచి, తన చేయి తనకు కనిపించని చీకటి కమ్ముతుంది. జలాశయం తగ్గినప్పుడు కర్నూలు వైపు సంగమేశ్వరంలో వేపదారు లింగం ఉన్న గుడి నీటిలోంచి బయటపడి పూజలందుకొని, వరద రాగానే తిరిగి మునిగిపోతుంది. పునాది రాళ్లు, మెట్ల తీరు పొడిగా ఉన్నప్పుడే కొలిచి పటం గీసుకొనే అవకాశం అక్కడ ప్రతి ఏడూ ఉంది. అటువంటి పటం చేత లేకుండా గాని, అధికారుల అనుమతి లేకుండా గాని, ఆనకట్ట తూములకూ విద్యుత్ కేంద్రాలకూ దగ్గరలో గాని దిగడం సాహసం కాదు, ఆత్మహత్య. బ్రిటన్‌లో 1953లో ఏర్పడిన సబ్ ఆక్వా క్లబ్ ఇటువంటి క్రమశిక్షణనే స్థానిక శాఖల ద్వారా, అనుభవజ్ఞులైన సభ్యులు కొత్తవారికి నేర్పే పద్ధతిలో నిలబెట్టింది. నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ వంటి ఊళ్లకు ఆ పద్ధతి సరిగ్గా నప్పుతుంది.

భారతంలో దుర్యోధనుడు జలస్తంభన విద్యతో, అంటే నీటిని కట్టడి చేసి అడుగున నిలిచే విద్యతో, ద్వైపాయన మడుగులో ఒంటరిగా దాగాడు. ఆధునిక డైవర్‌కు ఒంటరితనం నిషిద్ధం. ఇద్దరు జతగా దిగి, ఒకరి గాలిని ఒకరు చూసుకుంటూ, అవసరమైతే ఒకే సిలిండరుతో పైకి రావాలన్నది మొదటి నియమం. ఈ నియమం నల్లమలకు పరాయిది కాదు. కొండ చరియకు వేలాడుతూ తేనె తీసే చెంచు, తన తాడును బావమరిది చేతికే ఇస్తాడని చెబుతారు. అక్క పసుపు కుంకుమలు ఆ తాటి చివర ఉన్నాయని ఎరిగినవాడు పట్టు వదలడు. మసక నీళ్లలో దిగే డైవర్ నడుముకు కూడా ఇటువంటి తాడే కడతారు. ఒడ్డున ఉన్నవాడు దాన్ని బిగువు సడలకుండా పట్టుకొని, ఒక లాగుకు ఒక అర్థం, రెండు లాగులకు మరో అర్థం అని ముందే అనుకున్న భాషలో, కనిపించని మనిషితో మాట్లాడుతూ ఉంటాడు. మన్ననూరు కుర్రవాళ్లకు ఈ విద్య నేర్పదలచినవారు సిలిండరు కంటే ముందు వారి చేతికి ఇవ్వవలసింది ఆ తాడునే.