వెలుగు వెనుక లెక్క
(శతాబ్ది ఉత్సవ సభలో ఒక సంఘ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగలో నాకు బొగ్గును గురించి మాట్లాడు పని అప్పగించిరి. నేను ముప్పది ఏండ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించినవాడను. బొగ్గు బావిలో పని చేసిన తండ్రికి కుమారుడను. మా నాయనగారు షిఫ్టు దిగి ఇంటికి వచ్చునప్పుడు కన్నులు, పండ్లు మాత్రమే తెల్లగా కనబడెడివి. ఆ జీతముతోనే నేను చదువుకొంటిని. కావున బొగ్గును తిట్టుటకు నాకు నోరు రాదు. అయినను లెక్క చెప్పక తప్పదు.

నా చిన్నతనమున క్రిస్మస్ రాత్రి ఆరాధనకు పెట్రోమాక్స్ దీపము వెలిగించెడివారము. గాలి కొట్టి కొట్టి చేతులు నొచ్చెడివి. పాట మధ్యలో దీపము మందగించెడిది. తరువాత గుడికి కరెంటు వచ్చినది. ఆ రాత్రి ముసలివారు బల్బు వంక చూచి కన్నీరు పెట్టుకొనిరి. ఆ వెలుగు ఎక్కడి నుండి వచ్చుచున్నదని ఎవరును అడుగలేదు.

బొగ్గు మండినప్పుడు అందులోని కర్బనము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, అగును. 12 కిలోల కర్బనము 32 కిలోల ప్రాణవాయువుతో కలిసి 44 కిలోల వాయువగును. బూడిద కంటికి కనబడును, ఈ వాయువు కనబడదు. అందులో గణనీయమైన భాగము వందల ఏండ్లు గాలిలోనే నిలిచి, భూమి నుండి పైకి పోవలసిన వేడిమిని పట్టి యుంచును. పెట్రోలు, డీజిలు, గ్యాసు మండినను ఇదే జరుగును.

ఇక మన దేశపు లెక్క వినుడి. 1950లో మనము గాలిలోకి వదలిన ఈ వాయువు సుమారు 6 కోట్ల టన్నులు. 1990 నాటికి అది 58 కోట్లకు, 2000 నాటికి 100 కోట్ల దరిదాపునకు, 2023 నాటికి సుమారు 300 కోట్లకు చేరినది. అనగా 50 రెట్లు. జనము పెరిగినందున పెరిగినదని కొందరందురు. ఆ కాలములో జనాభా 36 కోట్ల నుండి 140 కోట్లు దాటినది. అది 4 రెట్లు మాత్రమే. మనిషికి ఏడాదికి 170 కిలోలుగా నున్నది 2 టన్నులైనది. అసలు పెరుగుదల అక్కడనే యున్నది.

ఇది ఎట్లు జరిగినది? 1970 ప్రాంతమున దేశ విద్యుత్తులో పదింట నాలుగు వంతులకు పైగా నీటి నుండి వచ్చెడిది. నేడది పదింట ఒక వంతుకు తక్కువ. నదులు పెరుగవు, అవసరములు పెరుగును. 1973లో చమురు ధర మండిపోగా దేశము తన నేల క్రిందనున్న బొగ్గును మరింత గట్టిగా నమ్ముకొన్నది. ఆ యేడే బొగ్గు గనుల జాతీయకరణము ముగిసినది. మన ప్రాంతమున కొత్తగూడెములో 1966లో, విజయవాడలో 1979లో, రామగుండములో 1983లో బొగ్గు విద్యుత్ కేంద్రములు పని ప్రారంభించినవి. 1950-51లో దేశము త్రవ్విన బొగ్గు 3 కోట్ల 30 లక్షల టన్నులు. 2024-25లో అది 100 కోట్లు దాటినది. ఆ బొగ్గే రైతు మోటారును, ఆసుపత్రి ఆపరేషన్ గదిని, మన పిల్లల చదువు బల్బును నడిపినది. దీనిని పాపమనుటకు నేను సిద్ధముగా లేను.

మరి చింత ఎందుకు? మన వాటా చిన్నదే గదా అందురు. నిజమే. అమెరికాలో మనిషికి ఏడాదికి 14 టన్నులు, చైనాలో 8, మనకు 2. ఈ మాట దేశముల సభలో చెప్పుట న్యాయము. కాని మనలో మనము చెప్పుకొనునప్పుడు జాగ్రత్త వలయును. ఒక ఇంట రెండు ఏ.సీ.లు, కారు ఉన్నవి. ప్రక్క పేటలో ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్నవి. సగటు లెక్కలో ఇద్దరికిని అదే 2 టన్నులు వ్రాయుచున్నాము. పేదవాని పేరు చెప్పి కలవాడు తప్పించుకొనరాదు. ఎండ తీవ్రమైనప్పుడు ముందుగా కూలువాడు ఏ.సీ. గదిలోనివాడు కాడు. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రములలో ఎండదెబ్బకు వేయికి పైగా ప్రాణములు పోయినవి. అందులో ఎండలో పని చేయు కూలీలు, వృద్ధులు ఎక్కువ.

మంచి మాటయు నున్నది. ఒక రూపాయి ఉత్పత్తికి మనము వదలు వాయువులు 2005 నుండి 2020 లోగా నూటికి 36 పాళ్ళు తగ్గినవి. సౌర విద్యుత్ సామర్థ్యము 2014లో 3,000 మెగావాట్లకు లోపు. 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటినది. రామగుండము బొగ్గు కేంద్రపు జలాశయము మీదనే 2022 నుండి 100 మెగావాట్ల సౌర పలకలు తేలుచున్నవి. అయినను దేశ విద్యుత్తులో నాలుగింట మూడు వంతుల దాక ఇంకను బొగ్గు నుండియే వచ్చుచున్నది. సూర్యుడు అస్తమించిన వేళకే మన దీపములు వెలుగును గదా! పగటి కరెంటును రాత్రికి దాచు ఉపాయము పెరుగవలెను. శ్రీశైలము ఎడమగట్టున నీటిని తిరిగి పైకి తోడు యంత్రములు అట్టివే. దేశము 2070 నాటికి నికర వాయువులను సున్నకు తెత్తుమని 2021లో గ్లాస్గో సభలో మాట ఇచ్చినది.

బొగ్గు తగ్గినచో గని కార్మికుని గతి ఏమని మా ఊరివారు అడుగుదురు. నేనును అడుగుదును. కాని ఒక సంగతి గమనించుడి. 1990 ప్రాంతమున సింగరేణిలో కార్మికులు లక్షకు పైగా ఉండిరి. నేడు సుమారు 40,000 మంది. అదే కాలములో బొగ్గు ఎన్నో రెట్లు పెరిగి ఏడాదికి 7 కోట్ల టన్నులకు చేరినది. ఓపెన్‌కాస్టు యంత్రములు వచ్చినవి, మనుష్యులు పోయిరి. బొగ్గు పెరిగినంత మాత్రాన కూడు నిలువలేదు. కావున ఆ పిల్లలకు వేరు పని నేర్పుట ఇప్పుడే మొదలు పెట్టవలెను. గని మూతపడిన నాడు కాదు.

చివరగా మన గుడి సంగతి. ఇటీవల మా సంఘపు కరెంటు బిల్లు తీసి చూచితిని. నెలకు 600 యూనిట్లు. దేశపు సగటున యూనిట్‌కు సుమారు 700 గ్రాముల వాయువు వెలువడును. అనగా 420 కిలోలు. 1950లో ఇద్దరు మనుష్యులు ఏడాది పొడుగున వదలిన దానికంటె ఇది ఎక్కువ! సగము ఫ్యానులు ఖాళీ బల్లల మీద తిరుగుచున్నవని సంఘ కాపరిగారికి చెప్పితిని. ఆయన నవ్వి, “మాష్టారు, మీరే కమిటీలో చెప్పండి” అనిరి. చెప్పితిని, ఇప్పుడు మీకును చెప్పుచున్నాను.

మన పాఠశాలలకు, హాస్టళ్ళకు విశాలమైన డాబాలున్నవి. వాటి మీద సౌర పలకలు పెట్టుదము. ప్రతి సంఘము ఏడాదికొకసారి పద్దుతో పాటు యూనిట్ల లెక్కయు చదువవలెను. ఆ పెట్రోమాక్స్ దీపమునకు ఎంత కిరసనాయిలు పట్టినదో మా పెద్దలకు తెలిసియుండెడిది. మన వెలుగునకు ఏమి ఖర్చగుచున్నదో మనకును తెలిసియుండవలెను.